గుల్మార్గ్‌ వెళ్తే గది కన్నా ముందు గైడ్‌ని చూసుకోండి

ఫిబ్రవరిలో నేనూ మా తమ్ముడూ స్కీయింగ్‌కి గుల్మార్గ్ వెళ్లొచ్చాం. గండోలా (కేబుల్ కార్) రెండో దశ ఎక్కితే అఫర్వాట్ కొండ మీద, సుమారు 4,000 మీటర్ల ఎత్తుకి చేరతాం. అక్కడ భద్రతా సిబ్బంది పెట్రోలింగ్ ఉండే భాగం దాటామంటే మంచు నిలబడుతుందో జారుతుందో మనమే తేల్చుకోవాలి.

మొదట మాట్లాడుకున్న గైడ్‌ని ఆ రోజు మంచుచరియల హెచ్చరిక ఏ స్థాయిలో ఉందని అడిగితే "నిన్న కూడా వెళ్లాం, ఏం కాలేదు" అన్నాడు. 2023 ఫిబ్రవరిలో ఇదే కొండ మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు, మరుసటి ఫిబ్రవరిలో కింద ఖిలన్‌మార్గ్ వైపు ఒక రష్యన్ స్కీయర్ మంచుచరియల కింద చనిపోయారు. అడ్వాన్స్ పోయినా సరే అని ఆ గైడ్‌ని మానుకున్నాం.

రెండో గైడ్ పొద్దున్నే డీజీఆర్ఈ (మంచుచరియల హెచ్చరికలిచ్చే రక్షణ పరిశోధన సంస్థ) హెచ్చరిక చదివి వినిపించాడు. ఐదింటిలో మూడో స్థాయి. మూడే కదా అనుకోకండి, ప్రమాదం గట్టిగానే ఉందని దానర్థం. పైకి వెళ్లాక, మంచు పొరలు ఎంత గట్టిగా అతుక్కున్నాయో చూడటానికి ఒక చిన్న వాలులో గొయ్యి తవ్వి, 30 సెంటీమీటర్ల చదరంలో మంచు స్తంభం కోసి, పైన పార పెట్టి చేత్తో తట్టడం మొదలుపెట్టాడు. మణికట్టుతో పది దెబ్బలకి ఏం కాలేదు. మోచేతి నుంచి రెండో దెబ్బ పడగానే పై పొర పలకలా ఊడి ముందుకొచ్చేసింది. దాని కింది మంచు కాస్త అరచేతిలో పోశాడు. అచ్చం పంచదార, పిడికిట్లో నొక్కినా ముద్ద కాదు. సీజన్ మొదట్లో పడిన పల్చటి మంచు చలిరాత్రుల్లో ఇలా గరుకు పలుకులుగా మారిపోతుందట, తర్వాత పడిన మంచంతా దాని మీదే కూర్చుంటుంది. తిరిగొస్తుంటే కాళ్ల కింద ధుబ్బుమని ఒక శబ్దం, లోపలి ఆ బలహీన పొర కుంగిందన్నమాట. ఆయన వెంటనే ఆగి, 30 డిగ్రీలు దాటిన వాలు ఏదీ ఈ రోజు వద్దన్నాడు. తమ్ముడు చాలా నిరాశపడ్డాడు, నాకు మాత్రం ఆయనకిచ్చిన డబ్బంతా అక్కడే గిట్టుబాటైందనిపించింది.

అద్దె సామాను దగ్గర జాగ్రత్త. మాకిచ్చిన రెండు బీకన్లలో (మంచులో కూరుకున్నవాళ్లని వెతికే సిగ్నల్ పరికరాలు) ఒకదాని బ్యాటరీ సగం కూడా లేదు. కొట్టు ముందే ఆన్ చేసి, ఒకటి దాచి రెండోదానితో వెతికి చూసుకోండి, వెతికేటప్పుడు ఫోన్ దూరంగా ఉంచండి. ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, కూరుకుపోయిన మనిషికి ఉండేది పది పదిహేను నిమిషాలే.

బస కొండ కింద తంగ్‌మార్గ్ ఊళ్లో చవక. కానీ మంచు పడితే అక్కణ్నుంచి గుల్మార్గ్‌కి ఉన్న 13 కిలోమీటర్లకి చెయిన్లు కట్టిన బండి దొరకాలి, లేటవుతుంది, పైన గొయ్యి తవ్వే ఓపిక ఎవరికీ మిగలదు. అందుకే గండోలాకి నడిచి వెళ్లేంత దూరంలో గది తీసుకున్నాం. వేడినీళ్లు సరిగా రాలేదు, అయినా మళ్లీ అక్కడే దిగుతాను.

మూడో రోజు గాలికి రెండో దశ మూసేశారు. ఆ గాలే మంచుని ఎత్తి శిఖరం అవతలి వాలు మీద పోగేస్తుందని గైడ్ చూపించాడు, శిఖరం అంచు నుంచి తెల్లటి పొగలా కదులుతూ కనబడింది. మధ్యాహ్నం దాకా గండోలా మొదటి దశ ఆగే కొంగ్‌డూరి కింద చెట్ల మధ్యే తిరిగాం.