మ్యాచింగ్ కౌంటర్ మీదికి 950 ట్యూబు: పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుందా?

అనంతపురం టవర్ క్లాక్ దగ్గరైనా పాతూరులోనైనా, మ్యాచింగ్ సెంటర్లకు తప్పని తలనొప్పి ఒకటుంది. దుకాణంలో చీరకు అచ్చంగా కలిసిన రవికె గుడ్డ ఇంటి వాకిట్లో చూస్తే వేరే రంగుగా ఉంటుంది. అప్పటికే గుడ్డ కత్తిరించి ఉంటారు కాబట్టి వాపసు పుచ్చుకోలేరు, గొడవ మాత్రం మిగులుతుంది. తప్పు చాలాసార్లు గుడ్డది కాదు, నెత్తిమీది ట్యూబుది. దానికి మందుగా అమ్ముతున్న 950 రకం 4 అడుగుల ఎల్ఈడీ ట్యూబు గురించే ఈ రివ్యూ.

ముందు ఆ అంకెల సంగతి. మొదటి 9 అంటే సీఆర్‌ఐ 90 పైన, అంటే రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందన్న మార్కు. తర్వాతి 50 అంటే 5000 కెల్విన్ (తెలుపు పసుపువైపు మొగ్గిందా నీలంవైపు మొగ్గిందా చెప్పే కొలత), మధ్యాహ్నపు ఎండ తెలుపుకు దగ్గర. మామూలుగా దుకాణాల్లో వెలిగేది 865: సీఆర్‌ఐ 80, నీలంవైపు మొగ్గిన 6500 కెల్విన్ తెలుపు. కొట్టు తళతళలాడుతుంది, కొనేవాళ్లు లోపలికొస్తారు. రంగు కలపడానికి మాత్రం అది పనికిరాదు.

ఎందుకంటే మామూలు తెల్ల ఎల్ఈడీలో ఉండేది నీలం చిప్, దానిమీద పసుపు పూత. రెండూ కలిసి కంటికి తెల్లగానే కనిపిస్తాయి కానీ ఆ తెలుపులో ముదురు ఎరుపు చాలా తక్కువ. మెరూన్ పట్టు తనమీద పడ్డ ముదురు ఎరుపునే తిప్పి పంపాలి. పడనిది ఎక్కడినుంచి తెచ్చి పంపుతుంది? అందుకే మెరూన్ కాఫీపొడి రంగుకు దిగుతుంది, రాణీ పింక్ చప్పబడుతుంది, నేరేడు రంగుకీ నేవీ బ్లూకీ తేడా తెలియదు. లైటు రంగుకు కన్ను కాసేపట్లో అలవాటు పడిపోతుంది. లైటులో అసలు లేని రంగును మాత్రం కన్ను కూడా పూరించలేదు.

ఇంకో చిక్కుంది, అసలు గొడవ అక్కడే. చీర పట్టు, రవికెకు కోసేది టూ బై టూ కాటన్, ఫాల్ పాలిస్టర్. మూడు నూళ్లకూ మూడు రకాల అద్దకాలు. ఒక లైటు కింద మూడూ ఒకే రంగుగా కనిపించినా, లైటు మారితే మూడూ మూడు దారులు పడతాయి. ధర్మవరం పట్టులో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసిన డబల్ షేడ్ చీరైతే చూసే కోణాన్ని బట్టి కూడా రంగు తిరుగుతుంది. అలాంటి చీరను గుడ్డ పక్కన బల్లపరుపుగా పరిచి, ఒకే వైపు నుంచి చూసి తేల్చాలి. భుజమ్మీద వేసి చూపిస్తే ఎవరికి నచ్చిన రంగు వాళ్లకు కనిపిస్తుంది.

950 కింద ఎరుపు జాతి మొత్తం తేరుకుంటుంది. మెరూన్, రాణీ పింక్, మిరపపండు ఎరుపు, వంగపండు రంగు తమ తమ చోట్లకు వస్తాయి. రామా గ్రీన్‌లో ఆకుపచ్చ పాలెంత, నీలం పాలెంత అన్నది కూడా మెరుగ్గా తెలుస్తుంది. కొనేటప్పుడు పెట్టెమీద '90+' చూసి ఆగిపోకండి. ఆ మార్కు 8 లేత రంగుల సగటు. ముదురు ఎరుపుకు ఆర్9 అని విడిగా లెక్క ఉంది, అది సగటులో కలవదు. సగటు 80 వచ్చిన ట్యూబుకు ఆర్9 సున్నా దగ్గర ఉండొచ్చు. డీలరును వివరాల కాగితం అడగండి, ఆర్9 కనీసం 50 ఉండాలి. కాగితం లేదంటే మెరూన్, నేవీ బ్లూ, నలుపు ముక్కలు పట్టుకెళ్లి వెలిగించి చూడండి. మెరూన్ కాఫీపొడి రంగుకు దిగినా, నేవీ, నలుపు విడివిడిగా కనిపించకపోయినా ఆ ట్యూబును అక్కడే వదిలేసి రావచ్చు. ఫోన్ కెమెరాను స్లో మోషన్‌లో పెడితే చారలు పరిగెత్తుతున్నాయంటే డ్రైవరు (ట్యూబులో కరెంటును సర్దే భాగం) నాసిరకం.

బిగించడంలోనే ఎక్కువమంది డబ్బు దండగ చేసుకుంటారు. పది అడుగుల పైకప్పుకు ఒక్క ట్యూబు కడితే వెలుతురు చాలదు, మసకలో ముదురు రంగులన్నీ ఒకటే. కౌంటరుకు మూడడుగుల ఎత్తులో రెండు ట్యూబులు పక్కపక్కన వేలాడదీయాలి. రంగు కలిపే బల్లమీద వెలుతురు వెయ్యి లక్స్ (వెలుతురు కొలత) దాకా ఉంటే మంచిది. మిగతా కొట్టులో 865 ఉన్నా ఇబ్బంది లేదు కానీ దాని వెలుగు ఈ కౌంటరు మీద పడకూడదు. బల్లమీద లేత బూడిదరంగు గుడ్డ పరచండి. వెనక గులాబీ గోడో, అరలో చిలకపచ్చ తానుల వరసో ఉంటే వాటి రంగు వచ్చి బల్లమీద పడుతుంది, ఎంత మంచి ట్యూబైనా అప్పుడేం చెయ్యలేదు.

'బయట వెలుతుర్లో చూసుకోండి' అనే పాత పద్ధతి ఇప్పటికీ మంచిదే, కాకపోతే కొట్టు ముందు నీలం పట్టా కట్టి ఉంటే అక్కడ నిలబడి చూడటం శుద్ధ దండగ. మధ్యాహ్నం మన ఎండలో జరీ కళ్లు చెదరగొట్టి పక్క రంగును చూడనివ్వదు. నీడపట్టున, పొద్దు వాలకముందు చూడాలి. ఫోన్ టార్చి వేసి చూసేవాళ్లు, ఫొటో తీసి ఇంటికి పంపి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. టార్చీ ఎల్ఈడీయే, కెమెరా తెలుపును తనకు తోచినట్టు సర్దేస్తుంది. రెండూ నమ్మొద్దు.

పెళ్లి బట్టలకు 950 ఒక్కటే చాలదు. మండపంలో ఉండేది 3000 కెల్విన్ పసుపు వెలుగు, దానికింద వెండి జరీకి కూడా బంగారు ఛాయ వస్తుంది. కౌంటరు మీద వేరే స్విచ్చుతో 930 బల్బు ఒకటి పెట్టుకుని, రెండు లైట్లకూ కలిసిన గుడ్డనే కొయ్యండి. రిసెప్షన్ వేదికల మీది వంగపండు రంగు పార్ లైట్లకు మాత్రం మందు లేదు. అందులో ఎరుపు, నీలం తప్ప ఆకుపచ్చ ఉండదు. పసుపు చీర ఎర్రబడుతుంది, ముదురు ఆకుపచ్చ రవికె నల్లబడుతుంది.

లోపాలూ ఉన్నాయి. ధర 865 కంటే బాగా ఎక్కువ, అదే వాట్లకు వెలుతురు కాస్త తక్కువ. తెలుపుల విషయంలో ఇది ఓడిపోతుంది. మిల్లు తెలుపుల్లో వేసే మెరుపు మందు ఎండలోని అతినీలలోహిత కిరణాలతో వెలుగుతుంది, ఈ ట్యూబులో అవి లేవు. అందుకని పాలతెలుపు, మీగడ తెలుపు లైనింగులను ఇంకా వాకిట్లోనే తేల్చాలి. పైన ఉండే ప్లాస్టిక్ మూత దుమ్ముకూ వేడికీ పసుపెక్కితే వెలుగు రంగు కూడా మారుతుంది. వారానికోసారి తుడవండి. ఒకటి పోయినప్పుడు రెండూ కలిపి మార్చండి, పాతది ఒకటి కొత్తది ఒకటి వెలిగిస్తే బల్ల రెండు చివర్లలో ఒకే గుడ్డ రెండు రంగులుగా కనిపిస్తుంది.