ఒకే ఇంట్లో పాల్, ఎన్‌టీఎస్‌సీ: రెండు కెమెరాలతో ఇరవై ఏళ్లు

2003లో న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒక మినీ డీవీ కెమెరా (చిన్న క్యాసెట్ మీద వీడియోని అంకెల్లో దాచేది) కొన్నాను. 2005లో చెల్లెలి పెళ్లికి గుంటూరు వస్తూ దాన్నే భుజాన వేసుకొచ్చాను. అదే పెళ్లి కోసం మా బావగారు హైదరాబాద్‌లో ఇంకో మినీ డీవీ కెమెరా కొన్నారు. రెండూ అన్నదమ్ముల్లా ఉండేవి, రెండింట్లోనూ ఒకే రకం క్యాసెట్. కాకపోతే నాది అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, ఆయనది మన దేశపు టీవీ పద్ధతి పాల్. మా నాయనమ్మ నాదాన్ని 'అమెరికా కెమెరా' అనేది, ఆయనదాన్ని 'పాల కెమెరా' అనేది. తర్వాత బావగారు ఫోన్‌కి మారిపోయి ఆయన కెమెరా నాకిచ్చేశారు. అప్పట్నుంచి రెండూ నా బీరువాలోనే.

ముందుగా ఒక అపోహ. "అమెరికా కెమెరా మన కరెంటుకి కాలిపోతుంది" అని అప్పట్లో చాలామంది బెదరగొట్టారు. ఛార్జర్ వెనకాల 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసే ఉంది. ప్లగ్గుకి పిన్నులు మార్చే చిన్న ముక్క తగిలిస్తే చాలు. ఇన్నేళ్లలో ఛార్జింగ్‌తో ఒక్క ఇబ్బందీ రాలేదు.

కరెంటుతో అసలు గొడవ వేరే చోట వచ్చింది. చెల్లిని పెళ్లికూతుర్ని చేసిన రోజు హాల్లో ట్యూబ్‌లైట్ల కింద గంటసేపు తీశాను. సాయంత్రం టీవీలో పెడితే నాయనమ్మ మొదటి మాటే, "ఒరేయ్, నా మొహం మీద వెలుగు అలా కొట్టుకుంటోందేమిట్రా?" నిజమే, వెనక సున్నం గోడంతా అదురుతున్నట్టుంది. అదే హాల్లో బావగారు తీసినది చూస్తే నిశ్చలంగా ఉంది. కెమెరా పాడైందనుకుని ఆ రాత్రి నాకు నిద్రలేదు.

పాడైందేమీ లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు ఆ లెక్కన సెకనుకి 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతుంది, కంటికి తెలియదు. పాల్ కెమెరా సెకనుకి 50 ఫీల్డులు తీస్తుంది. ఫీల్డంటే గీత విడిచి గీత తీసిన సగం బొమ్మ, రెండు కలిస్తే ఒక నిండు బొమ్మ, అదే ఫ్రేము. ఒక్కో ఫీల్డుకీ సరిగ్గా రెండు వెలుగులు వస్తాయి. ఎన్‌టీఎస్‌సీ దాదాపు 60 తీస్తుంది. బంతిలో అరవై మంది కూర్చుంటే వంద బూరెలు వడ్డించినట్టు, ఒకరి ఆకులో రెండు, పక్కవాళ్ల ఆకులో ఒకటి. ఆ హెచ్చుతగ్గులే గోడ మీద కనిపించింది. వంటింట్లో ఎలక్ట్రానిక్ చోక్ ఉన్న ట్యూబ్ కింద తీసిన ముక్కలో ఈ బాధే లేదు, ఎందుకంటే ఆ వెలుగు సెకనుకి వేల సార్లు మారుతుంది. పెళ్లికి వీడియో తీయడానికి వచ్చినాయన హాలోజెన్ లైటు వేసినప్పుడూ బాగానే వచ్చింది.

దీనికి మందు మెనూలోనే ఉంది. షట్టర్‌ని, అంటే ఒక్కో ఫీల్డుకి వెలుతురు తీసుకునే సమయాన్ని, 1/100 సెకను మీద పెడితే ఫీల్డుకి ఒకే ఒక్క వెలుగు వస్తుంది, అదురు పోతుంది. కానీ 1/60 నుంచి 1/100కి వెళ్తే లోపలికొచ్చే వెలుతురు నలభై శాతం తగ్గుతుంది. కెమెరా దాన్ని పూడ్చడానికి గెయిన్ (వచ్చిన సిగ్నల్‌ని బలవంతంగా పెంచడం) పెంచేసి, నల్ల చోట్ల ఇసుక చల్లినట్టు చేస్తుంది. 1/50 పెడదామంటే ఎన్‌టీఎస్‌సీలో ఒక ఫీల్డుకి ఉన్న టైమే 1/60 సెకను, కుదరదు. బావగారు 2009లో పాల్ కెమెరా పట్టుకుని డల్లాస్ వెళ్లినప్పుడు ఆయనకీ ఇదే అదురు తిరగేసి వచ్చింది. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్ కదా. కానీ ఆయన షట్టర్ 1/50 నుంచి 1/60కి మార్చుకుంటే సరిపోయింది, పోయిన వెలుతురు ఆరో వంతే. అందుకే నన్నడిగితే, రెండు దేశాల మధ్య తిరిగేవాళ్లకి పాల్ కెమెరాయే నయం. ఈ మాట ఏ షాపువాడూ నాకు చెప్పలేదు.

ఇక బొమ్మ సంగతి. పాల్‌లో ఫ్రేముకి 720 x 576 చుక్కలు, సెకనుకి 25 ఫ్రేములు. ఎన్‌టీఎస్‌సీలో 720 x 480, సెకనుకి 29.97. టేపు మీద రెండూ గంటకి దాదాపు 13 జీబీయే. తేడా ఎక్కడ కనిపించిందంటే, శుభలేఖని దగ్గరగా తీసినప్పుడు ముహూర్తం లైను బావగారి టేపులో చదవగలిగాం, నా టేపులో ఊహించుకున్నాం. ఎర్ర పట్టుచీర అంచు కూడా నాదాంట్లో పక్కకి కొంచెం పాకినట్టుంటుంది. ఎన్‌టీఎస్‌సీ డీవీ అడ్డంగా నాలుగు చుక్కలకి ఒక్కసారే రంగు దాచుకుంటుంది మరి. అయితే కోలాటం లాంటి జోరు కదలికలు నాదాంట్లోనే మెత్తగా సాగాయి. సెకనుకి పది ఫీల్డులు ఎక్కువ ఊరికే పోవు.

ఎన్‌టీఎస్‌సీ అంటే రంగు నిలకడ లేనిది అని ఒక పాత జోకు ఉంది. అది గాల్లో వచ్చే ప్రసారాలకి పుట్టిన జోకు. డీవీ టేపు మీద రంగు అంకెల్లో ఉంటుంది కాబట్టి నా కెమెరాలో మొహాలు ఆకుపచ్చగా మారిందెప్పుడూ లేదు.

రంగు పోయింది మాత్రం అమ్మమ్మగారి ఊళ్లో. అక్కడున్నది 90ల నాటి పాల్ టీవీ. నా కెమెరా పసుపు వీడియో కేబుల్ దానికి గుచ్చగానే బొమ్మ కింద నుంచి పైకి దొర్లడం మొదలుపెట్టింది. మామయ్య టీవీ వెనక చెయ్యి పెట్టి ఒక నాబ్ తిప్పితే ఆగింది కానీ పెళ్లంతా బ్లాక్ అండ్ వైట్. పాల్ టీవీ రంగు కోసం 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర వెతుకుతుంది, ఎన్‌టీఎస్‌సీ దాన్ని 3.58 దగ్గర పెడుతుంది. "మా పెళ్లి కూడా ఇలాగే ఉండేదిరా" అని అమ్మమ్మ మాత్రం సంబరంగానే చూసింది. గుంటూరులో మా కొత్త టీవీ రెండింటినీ పట్టేది, అందుకే అంతకు ముందు ఈ సంగతి తెలియలేదు.

పెళ్లయ్యాక చెల్లి డల్లాస్ వెళ్లిపోయింది. బావగారి టేపుల నుంచి డీవీడీ చేసి పంపితే వాళ్ల ప్లేయర్ తీసుకోలేదు. రీజియన్ కోడ్ (డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే గుర్తు) అనుకుని వారం తిట్టుకున్నాం. ఇంట్లో చేసిన డిస్కుకి రీజియన్ కోడ్ ఎక్కడిది? అది పాల్ డిస్కు, అంతే. కంప్యూటర్లో పెడితే ఆడింది. టీవీలో చూడాలని అత్తగారి కోరిక కాబట్టి రాత్రంతా కంప్యూటర్ వదిలేసి ఎన్‌టీఎస్‌సీకి మార్చాను. 25 ఫ్రేములని 30 దాకా సాగదీస్తే ఏమవుతుందో హారతి పళ్లెం తిరుగుతున్నప్పుడు తెలిసింది, గుంటల రోడ్డు మీద బండిలా కుదుపులు. ఇప్పుడు ఆ పని చెయ్యను. ఏ టేపు దాని ఫ్రేము రేటులోనే ఉంచి, గీతలు పోయేలా డీఇంటర్లేస్ (ఫీల్డుల్ని నిండు ఫ్రేములుగా మార్చడం) మాత్రం చేసి దాస్తున్నాను. ఫోన్లూ కంప్యూటర్లూ 25నీ 30నీ సమానంగానే చూస్తాయి.

ఈ గొడవ పాతదైపోయిందనుకోకండి. ఐఫోన్ కెమెరా సెట్టింగుల్లో పాల్ ఫార్మాట్లు చూపించమనే మీట ఇంకా ఉంది. మొన్న మేనల్లుడు సెకనుకి 60 ఫ్రేముల్లో తీసిన రీలు వెనక ట్యూబ్‌లైటు కొట్టుకుంటుంటే నాకు నాయనమ్మే గుర్తొచ్చింది.

ప్రస్తుతం నా కష్టం వేరు. పోయినేడు పాల్ కెమెరా టేపు తిప్పడం మానేసింది. అమెరికా కెమెరా ఇంకా పరుగెడుతోంది కానీ పాల్ టేపు పెడితే నీలం తెర చూపిస్తుంది. నాయనమ్మ పాట పాడిన టేపుతో సహా ఇంకా పద్నాలుగు పాల్ క్యాసెట్లు మిగిలాయి. సెకండ్ హ్యాండ్‌లో దొరికేవాటిలో అమెరికా నుంచి వచ్చినవి చాలా. ఒకాయన ఫోన్లో "పాలో కాదో తెలీదండీ, బాగా పనిచేస్తుంది" అన్నారు. కెమెరా అడుగున స్టిక్కర్ ఫోటో తీసి పంపమన్నాను. ఇంకా పంపలేదు.