నెల్లూరులో దోమల జాలీలు పెట్టించుకోబోతున్న వాళ్ళు ఇది చదివి డబ్బులివ్వండి

ఈ సాయంత్రమే ఆ దుకాణం నుంచి ఇంటికి వచ్చాను. కోపం చల్లారకముందే రాస్తున్నాను. చల్లారితే మర్యాదలు గుర్తొస్తాయి.

దుకాణం పేరు రాయను, మీకే తెలుస్తుంది. దసరా నుంచి మన కాలనీ వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరుగుతున్న ఆ ప్రకటన వాళ్ళదే. ‘అల్యూమినియం ఫ్రేము, స్టీలు జాలీ, చదరపు అడుగు 145 రూపాయలే.’ వేదాయపాళెంలో మా వీధి సంగతి చెప్పక్కర్లేదు. మిగతా రాష్ట్రం జూన్‌లో తడిస్తే మనకు అసలు వానలు అక్టోబరు తర్వాతే కదా. పక్కింటి పాపకు డెంగీ అనగానే నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. ఆ రాత్రే ఫోను చేశాను.

మర్నాడు దుకాణం యజమానే స్వయంగా వచ్చాడు. జేబులోంచి అరచెయ్యంత జాలీ ముక్క తీసి, తాళంచెవితో గట్టిగా గీకి, “చూడక్కా, చిన్న గీతైనా పడిందా? పదేళ్ళు చూసుకోనక్కర్లేదక్కా” అన్నాడు. అక్కా అక్కా అని ఎన్నిసార్లు అన్నాడో! మా సొంత తమ్ముడు ఏడాది మొత్తంలో అన్నిసార్లు పిలవడు. తొమ్మిది కిటికీలు, రెండు తలుపులు కలిపి 150 చదరపు అడుగులు తేలింది. 21,750 రూపాయలు. 10,000 అక్కడికక్కడే పంపాను. బిల్లు అడిగితే “పని అయ్యాక ఒకేసారి ఇస్తానక్కా” అన్నాడు. నేను తలూపాను.

బిగించడానికి ఇద్దరు కుర్రాళ్ళు నేను బడిలో ఉన్న వేళకు వచ్చారు. ఇంట్లో మా అత్తయ్య ఒక్కరే ఉన్నారు. మధ్యాహ్నానికి నా ఫోనుకు ఫోటో వచ్చింది. బూడిద రంగు జాలీ తళతళలాడుతోంది. స్టాఫు రూములో కూర్చుని మిగిలిన 11,750 పంపేశాను. ఫోటోలో ఏ జాలీ అయినా బూడిద రంగులోనే కనిపిస్తుందని తట్టలేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళి కిటికీ తెరిచి చూసే ఓపికైనా ఉండాలి కదా నాకు!

నాలుగో రోజు వంటింటి కిటికీ జాలీకి ఉడుత కన్నం పెట్టింది. ఉడుత పళ్ళకు స్టీలు తెగుతుందా? కత్తెర తెచ్చి ఒక మూల కత్తిరిస్తే గుడ్డలా తెగింది. ఫైబరు జాలీ. ఫ్రేములు కూడా తలుపులకు మాత్రమే వేశారు. కిటికీలకు అంటుకునే పట్టీలు అతికించి వెళ్ళారు. మొన్నటి వానకు రెండు పట్టీలు ఊడి వేలాడుతున్నాయి. ఫోను చేస్తే ఎత్తడు, సందేశం చూస్తాడు, జవాబివ్వడు.

అందుకే ఈ రోజు బడి వదలగానే నేరుగా దుకాణానికి వెళ్ళాను. లోపల ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ నిలబడి ఉంది. ఆమె ముందు ఆయన జేబులోంచి జాలీ ముక్క తీశాడు. తాళంచెవితో గీకాడు. “చూడక్కా, చిన్న గీతైనా పడిందా?” అన్నాడు. అదే ముక్క, అదే తాళంచెవి, అదే అక్క! ఊళ్ళో అందరికీ చూపించడానికి ఆయన దగ్గరున్న స్టీలు బహుశా ఆ అరచెయ్యంత ముక్క ఒక్కటే.

“నాకు పెట్టింది ఇది కాదు కదా” అన్నాను, అందరికీ వినిపించేలా. ఆయన తల కూడా ఎత్తలేదు. “మేడం, ముందు మీ ఇంట్లో నీళ్ళ డ్రమ్ములు చూసుకోండి. దోమలను మీరే పెంచుకుంటూ జాలీ మీద పడితే ఎలా?” అన్నాడు. పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు. డబ్బు చేరేదాకా అక్కను, చేరాక మేడాన్ని!

ఇంకో మంట కూడా చెప్పాలి. ఇంటికి వచ్చి, ఆయన మాట అబద్ధమని తేల్చుకుందామని వెతికాను. ఫ్రిజ్ వెనక నీళ్ళు దిగే పళ్ళెంలో దోమపిల్లలు గిలగిలా ఈదుతున్నాయి. పెరటి డ్రమ్ములోనూ అంతే. నేను పదకొండేళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్నాను. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడని ఏటా ఆగస్టు 20న ప్రార్థన సమయంలో పిల్లలకు చెప్పేది నేనే. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలని బోర్డు మీద బొమ్మ గీసేదీ నేనే. శుక్రవారం నిల్వ నీళ్ళన్నీ పారబోసి డ్రై డే పాటించండమ్మా అని ఆశా కార్యకర్త గుమ్మంలో చెబితే “మాకు తెలుసులే” అన్నదీ నేనే. దోమలు లోపలే పుడుతుంటే, జాలీ వాటిని బయటికి పోకుండా కాపలా కాస్తుంది, అంతే. డెంగీ దోమ పగలే కుడుతుంది, కాళ్ళ మీద తెల్ల చారలుంటాయి. మంచినీళ్ళ డ్రమ్ములు, పూలకుండీల పళ్ళాలు చాలు దానికి. డ్రమ్ము వంపేస్తే సరిపోదు, గోడకు అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి బ్రష్షుతో రుద్ది కడగాలి. ఇంతసేపూ ఆ పనే చేశాను. సెప్టిక్ ట్యాంకు గొట్టం మూతికి మాత్రం ఆయన పెట్టిన ఫైబరు జాలీ ముక్కే చుట్టి కట్టాను. 21,750 రూపాయలకు ఒక్క పనికైనా వచ్చింది.

అలాగని ఆయన మోసం మోసం కాకుండా పోదు. స్టీలు డబ్బులు తీసుకుని ఫైబరు పెట్టాడు. బిల్లు లేకపోయినా డబ్బు పంపిన వివరాలు, ‘స్టీలు జాలీ’ అని ఆయనే రాసిన సందేశం నా ఫోనులో ఉన్నాయి. రేపు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, 5 లక్షల లోపు ఫిర్యాదుకు రుసుము కూడా లేదు.

మీరు పెట్టించుకునేటట్లయితే బిగించే రోజు ఇంట్లో ఉండండి, ఒక మూల కత్తిరించి చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి. అంగుళానికి 16 నుంచి 18 కన్నాలుండాలి, అంతకంటే వెడల్పయితే దోమ దూరుతుంది.

ఆకుపచ్చ చీర ఆవిడ ఎవరో నాకు తెలియదు. నేను బయటికి వచ్చేటప్పటికి ఆమె పర్సు తీస్తోంది. ఎవరికైనా తెలిస్తే ఈ రాత్రికే ఆమెకు ఇది చూపించండి.