కల్చర్‌లో ఏమీ రాలేదు, మంట తగ్గలేదు: ఇప్పుడు ఏ పరీక్ష మేలు?

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ల్యాబుకు వచ్చేవాళ్లలో వారానికి ఒకరైనా గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. "యూరిన్ కల్చర్ నార్మల్ అన్నారు. మరి ఈ మంట, ఈ చీము ఏమిటి? పీసీఆర్‌కు డబ్బు పెట్టడం దండగా?" పీసీఆర్ అంటే క్రిమి డీఎన్‌ఏను వెతికే పరీక్ష.

మామూలు యూరిన్ కల్చర్, అంటే మూత్రంలోని క్రిములను పళ్లెంలో పెంచి చూడటం, ఈ.కోలై లాంటి క్రిముల కోసం. ఇక్కడ అనుమానించాల్సింది రెండు సుఖవ్యాధులను: క్లమీడియా, గనేరియా. క్లమీడియా క్రిమి మన కణాల లోపల తప్ప బతకదు, ఆ పళ్లెంలో నెల రోజులు ఉంచినా మొలవదు. గనేరియా, అంటే పాతవాళ్లు సెగ అనే జబ్బు, దాని క్రిమికి చాక్లెట్ అగర్ లాంటి ప్రత్యేకమైన ఆహారం, కార్బన్ డయాక్సైడ్ కలిసిన గాలి కావాలి. కాబట్టి ఆ 'నార్మల్' ఈ రెండింటి గురించి ఏమీ చెప్పదు.

మగవాళ్లకు చీము కారుతుంటే, దాన్ని గాజు పలకపై పూసి మైక్రోస్కోపులో చూసే స్లైడు పరీక్ష తక్కువదేమీ కాదు. గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి చూస్తే గనేరియా ఉన్న నూరుమందిలో 95 మందికి పైగా అప్పటికప్పుడే దొరుకుతారు. అదే స్లైడు ఆడవాళ్లలో సగం మందిని వదిలేస్తుంది. భార్య స్లైడులో ఏమీ లేదని భర్త ఊపిరి పీల్చుకోవడం ఎన్నిసార్లు చూశానో! పైగా క్లమీడియా సోకిన ఆడవాళ్లలో చాలామందికి ఏ బాధా ఉండదు.

అందుకే నా మొగ్గు పీసీఆర్ వైపే. అయితే యంత్రం కన్నా ముందు చూడాల్సింది నమూనా. మగవాళ్లయితే గంటసేపైనా మూత్రానికి వెళ్లకుండా ఆగి, మొదటి ధారలో 20, 30 మిల్లీలీటర్లు మాత్రమే పట్టాలి. మధ్య ధార పట్టమని ఏళ్ల తరబడి మేమే నేర్పాం, ఇప్పుడు మేమే వద్దంటున్నాం. మొన్న ఒకబ్బాయి కూకట్‌పల్లి నుంచి సీసా పట్టుకొచ్చి, "మొదటిది వదిలేసి శుభ్రంగా పట్టాను డాక్టర్ గారూ" అన్నాడు. క్రిముల్ని కడిగి పారబోసి నీళ్లు తెచ్చినట్టే. గంటన్నర కూర్చోబెట్టి మళ్లీ పట్టించాం.

ఆడవాళ్లకు మూత్రం కన్నా యోని స్వాబ్ మేలు. సిగ్గుపడేవాళ్లకు ఒక మంచి మాట: తలుపు వేసుకుని తామే తీసుకున్న స్వాబ్, డాక్టరు తీసినదానికి ఏమాత్రం తీసిపోదు. ఇంత సులువైన సంగతి చాలా చోట్ల చెప్పరు.

కలయిక జరిగిన మర్నాడే పరుగెత్తుకొస్తే ఫలితాన్ని నమ్మలేం, రెండు వారాలు పోవాలి. మందు అయిపోయిన వెంటనే మళ్లీ చేయిస్తే చచ్చిన క్రిమి డీఎన్‌ఏ కూడా పాజిటివ్ చూపి భయపెడుతుంది, మూడు నాలుగు వారాలు ఆగాలి. మెడికల్ షాపులో రెండు యాంటీబయాటిక్ మాత్రలు అడిగి మింగి వచ్చిన వాళ్లకు ఏ పరీక్షా సరిగ్గా తేల్చలేదు.

ఏడెనిమిది క్రిములను ఒకేసారి వెతికే ప్యానెళ్లు వద్దనే అంటాను. యూరియాప్లాస్మా అనే క్రిమి పేరు కనిపించగానే బెంబేలెత్తుతారు, అది ఆరోగ్యవంతుల్లోనూ ఉండేదే.

చికిత్స తీసుకున్నా గనేరియా తగ్గకపోతే మాత్రం గనేరియా కల్చరే దిక్కు. ఏ మందు పనిచేస్తుందో అదే చెబుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ మన దేశంలో ఈ జబ్బుకు ఎప్పుడో చేతులెత్తేసింది. ఈ కల్చర్‌కు తీసిన స్వాబ్‌ను ఫ్రిజ్‌లో పెట్టారా, క్రిమి చచ్చినట్టే.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధులు చూసే సురక్షా క్లినిక్‌లలో లక్షణాలను బట్టి రంగు రంగుల మందుల కిట్లు ఉచితంగా ఇస్తారు. చీముతో వచ్చిన మగవాడికి అది చాలు. తెల్లబట్టకు కారణం చాలాసార్లు సుఖవ్యాధే కాదు కాబట్టి, ఆడవాళ్ల విషయంలో నాకు అంత నమ్మకం లేదు.

క్లమీడియాకు రక్తంలో ఐజీజీ (యాంటీబాడీ) పరీక్ష అనవసరం. రక్తమే కావాల్సినవి హెచ్‌ఐవీ, సిఫిలిస్. వచ్చిన రోజే వాటికీ ఇచ్చి వెళ్లండి.