ఆహారం నేరుగా పోయడానికి పొట్ట మీద బటన్: నాలుగేళ్ల వాడకం తర్వాత

అన్నం తినిపిస్తుంటే మావాడికి పొలమారినప్పుడల్లా మా అత్తయ్య నడినెత్తిన తట్టి, ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అనేవారు. రోజుకు ముప్ఫైసార్లు తలుచుకునేంత ఆత్మీయులు మాకు లేరు. మింగే తీరును ఎక్స్-రేలో వీడియో తీసి చూస్తే తేలింది: మింగిన దాంట్లో కొంత ఊపిరితిత్తుల దారి పడుతోంది. ఏటా రెండు మూడుసార్లు నెమ్ముతో ఆసుపత్రి పాలవడం అందుకే. అప్పటికి వాడికి ఐదేళ్లు, బరువు తొమ్మిది కిలోలు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి) వల్ల మెడ కూడా నిలవదు. పూటకు గంటన్నర చొప్పున రోజులో నాలుగున్నర గంటలు తినిపించడానికే పోయేవి.

ముందు ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబు అనే సన్నటి గొట్టం వేశారు. తుమ్మినా ఊడివచ్చేది. మళ్లీ వేసిన ప్రతిసారీ సిరంజితో లోపలి రసం కాస్త లాగి, ఆమ్లం ఎంతో చూపే పీహెచ్ కాగితం మీద చూడాలి; 5.5 లేదా అంతకంటే తక్కువ ఉంటేనే గొట్టం పొట్టలో ఉన్నట్టు, అప్పుడే పాలు పోయాలి. కొన్ని వారాలకైతే ఫరవాలేదు, ఏళ్ల తరబడి నడిచే పని కాదు.

పొట్టకు రంధ్రం చేసి గొట్టం పెడతామంటే ఇంట్లో ఏడుపులు. ‘అది ముసలివాళ్లకు పెట్టేది కదా’ అన్నారు అత్తయ్య. ఎండోస్కోపీతో ఈ పద్ధతి మొదటిసారి చేసింది 1979లో, అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో, నాలుగున్నర నెలల పసివాడికని డాక్టరు చెప్పాక ఆవిడ కొంత మెత్తబడ్డారు. నేను మాత్రం ఇంకో ఆరు నెలలు నాన్చాను. ఆ ఆరు నెలలు ఇప్పటికీ నన్ను తొలుస్తాయి.

మొదట పెట్టింది పొడవాటి పెగ్ ట్యూబు, అంటే ఎండోస్కోపీతో పొట్ట గోడ గుండా పెట్టే గొట్టం. మూడు నెలలకు దారి గట్టిపడ్డాక బటన్ వేశారు. చర్మానికి అంటుకుని చొక్కా గుండీలా ఉంటుంది. పోసేటప్పుడు మాత్రం దానికి వేరే గొట్టం తగిలించాలి. మాది 14 ఫ్రెంచ్ సైజు, అంటే బయటి వ్యాసం సుమారు 4.7 మిల్లీమీటర్లు. లోపలి దారి ఇంకా సన్నం. మా వంటింటి పాఠాలన్నీ ఆ సన్నదారి నేర్పినవే.

రాగిజావ వేడిగా ఉన్నప్పుడు చక్కగా దిగుతుంది, చల్లారితే బంకే. మొలకెత్తించి ఎండబెట్టి దంచిన రాగిపిండితో కాస్తే ఆ చిక్కదనం రాదు. మొలకలో పుట్టే ఎంజైము గంజిని పలచబరుస్తుంది. మునగాకు పొడి వేసిన రోజు అది అడుగున పేరుకుని గొట్టం మూసుకుపోయింది. గోరువెచ్చని నీళ్లతో సిరంజిని ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ముప్పావుగంట కూర్చున్నాను. ఇప్పుడు అన్నం, పెసరపప్పు, క్యారెట్, నెయ్యి కలిపి మిక్సీలో రెండుసార్లు తిప్పి, వడకట్టే పోస్తాను. అయితే ఇంటి వంట పలచబడే కొద్దీ బలం తగ్గుతుంది, అందుకే రెండు పూటలు డబ్బా ఫార్ములా. రోహిణికార్తె ఎండల్లో కలిపినది రెండు గంటలకు మించి బయట ఉంచను, మిగిలితే పారబోయడమే. ప్రతి పూటకూ ముందూ వెనకా నీళ్లు. ఫిట్స్ మందు పాలలో కలపను, విడిగా వేసి నీళ్లతో కడుగుతాను. మందు కక్కేశాడా మింగాడా అన్న బెంగ మొదటి రోజే పోయింది. ఒక్క ఈ కారణానికే బటన్‌కు పూర్తి మార్కులు ఇస్తాను.

ఏడాదికి మూడు కిలోలు పెరిగాడు. రెండో ఏడు అందరం మురిసిపోయి ఇంకా పోశాం. బుగ్గలొచ్చాయి, పొట్టొచ్చింది, ఎత్తబోతే నా నడుము పట్టేసింది. నడవని పిల్లవాడికి ఆ వయసు పిల్లలందరికీ చెప్పే కేలరీలు అక్కర్లేదని, పెరిగింది చాలావరకు కొవ్వేనని డైటీషియన్ చేతి వెనక చర్మం మడత కొలిచి చూపించారు. పరిమాణం తగ్గించి, ప్రోటీన్ మాత్రం అలాగే ఉంచారు.

ఇక ఫిర్యాదులు. బటన్‌ను లోపల పట్టి ఉంచేది నీళ్లు నింపిన చిన్న బెలూను. వారానికోసారి ఆ నీళ్లు లాగి కొలవాలి. మాది నాలుగు నెలలకోసారి మార్చాల్సివస్తోంది, ఖరీదు తక్కువేమీ కాదు. ఒక రాత్రి రెండింటికి బెలూను పగిలి బటన్ పక్కమీద దొరికింది. రంధ్రం గంటల్లోనే పూడుకోవడం మొదలవుతుంది. ముందే నేర్పి ఉన్నారు కాబట్టి మావారు పాత బటన్‌నే మెల్లగా దారిలో ఉంచి ప్లాస్టరు వేశారు. ఏమీ పోయకుండా ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడి డ్యూటీ డాక్టరు బటన్‌ను అటూఇటూ తిప్పి చూసి, ‘ఇదేమిటి?’ అన్నారు. ఆనాటి నుంచి సంచిలో కొత్త బటన్, రంధ్రం పూడకుండా అందులో పెట్టడానికి అదే సైజు ఫోలీ ట్యూబు (మామూలుగా మూత్రానికి వాడే బెలూను గొట్టం), డాక్టరు రాసిచ్చిన కాగితం లేకుండా గడప దాటం. రంధ్రం చుట్టూ ఎర్రటి కండ కూడా రెండుసార్లు పెరిగింది, సిల్వర్ నైట్రేట్‌తో కాల్చారు.

గొట్టం పెడితే నెమ్ము ఇక రాదని ఎవరైనా అంటే నమ్మకండి. సొంత ఉమ్మి, వెనక్కి తన్నే పాలు అదే దారి పట్టొచ్చు. నాలుగేళ్లలో మాకు రెండుసార్లు వచ్చింది. పోసేటప్పుడూ, తర్వాత కనీసం అరగంటా తల ఎత్తులో ఉంచితే ఒడ్డునపడుతున్నాం.

నోటి రుచి పోతుందన్నదే నా అసలు దిగులు. మింగుడు నేర్పే థెరపిస్టు ఒప్పుకున్నంత మేర, పూటకు ఒకసారి నాలుక మీద రుచి రాస్తాం. ఆవకాయ నూనె చెంచా కొసతో అంటిస్తే కళ్లు చికిలించి నాలుక చప్పరిస్తాడు, ఇంకోసారి కావాలని గొంతుతో సైగ చేస్తాడు. పెరుగంటే మొహం తిప్పేసుకుంటాడు. గంటన్నర కుక్కిన రోజుల్లో వాడికి ఏది ఇష్టమో మాకు తెలియనే లేదు.

మధ్యాహ్నం పూట ఇప్పుడు సిరంజి పట్టేది మా అత్తయ్యే. ఇరవై నిమిషాల్లో ముగించి, వాడిని ఒళ్లో ఏటవాలుగా పడుకోబెట్టుకుని టీవీ సీరియల్ చూస్తారు.