పెళ్లి ముహూర్తానికి తుంగ్ షింగ్ ఎంతవరకు పనికొస్తుంది?

చైనీయుల వార్షిక పంచాంగమైన తుంగ్ షింగ్ పనికిరాని రోజులను తీసివేయడంలో చాలా గట్టిది, మిగిలిన వాటిలో ఒకదాన్ని ఖాయం చేయడంలో మాత్రం బలహీనమైనది. సింగపూర్‌లో ఉంటున్న మా మేనల్లుడికి అక్కడి చైనీయుల అమ్మాయితో సంబంధం కుదరడంతో, మన పంచాంగం పక్కనే దీన్నీ పెట్టుకొని చూస్తున్నాము.

ఇందులో ప్రతి రోజుకూ చేయదగిన పనులు, చేయరాని పనులు విడివిడిగా ఉంటాయి. చేయదగిన వాటిలో పెళ్లి ఉన్న రోజులనే పరిగణించాలి. చైనీయులు సంవత్సరాలకు ఎలుక, పులి వంటి పన్నెండు జంతువుల పేర్లు వరుసగా పెడతారు; ఆ రోజు ఏ జంతువు సంవత్సరంలో పుట్టినవారికి పొసగదో కూడా అక్కడే ఉంటుంది. ఈ పన్నెండు జంతువులు సంవత్సరాలకే కాక రోజులకూ వరుసగా వర్తిస్తాయి, ఆ చక్రంలో ఎదురెదురుగా ఉన్నవి పొసగవు కనుక, ఎలుకవారికి గుర్రం రోజు, పులివారికి కోతి రోజు పనికిరావు. వధూవరులతో పాటు ఇరువైపుల తల్లిదండ్రులకూ చూడాలని పెద్దలు పట్టుబట్టితే నెలలో మిగిలేవి కొద్ది రోజులే. పుట్టిన సంవత్సరం విషయంలోనూ జాగ్రత్త అవసరం: వారి 1996 ఎలుక సంవత్సరం ఫిబ్రవరి 19న మొదలైంది కాబట్టి, ఆ జనవరిలో పుట్టిన మా వాడు పంది కిందికి వస్తాడు.

అసలు చిక్కు మాసాల దగ్గర వచ్చింది. వారి ఏడో నెల పితృ ప్రేతాలు లోకంలో తిరిగే నెల అని ఎక్కువమంది పెళ్లి తలపెట్టరు. 2026లో అది ఆగస్టు 13న, సరిగ్గా మన శ్రావణంతో పాటే మొదలవుతుంది. ఆషాఢం దాటాక ముహూర్తాల కోసం మనం ఎదురుచూసే నెలే వారికి వర్జ్యం. ఇలాంటి పట్టింపులు సంవత్సరాలకూ ఉన్నాయి. లిచున్ అనే వసంతారంభం రాని 2024 డ్రాగన్ సంవత్సరాన్ని వితంతు సంవత్సరమన్నారు, లిచున్ రెండుసార్లు వచ్చిన 2025 పాము సంవత్సరాన్ని పెళ్లిళ్లకు మేలన్నారు. ఖగోళ లెక్కలో ఇది సౌర, చాంద్ర మానాల తేడా మాత్రమే కనుక, మేము దీన్ని పట్టించుకోలేదు.

పుస్తకంలో నాకు నచ్చనిది అచ్చు. చైనీస్ లిపి చిన్న అక్షరాలలో కిక్కిరిసి ఉంటుంది. ఒక రోజును ఎందుకు వద్దన్నారో వివరణ ఉండదు. వధూవరుల జన్మ సంవత్సరం, మాసం, దినం, ఘడియలను కలిపి చూడటానికి తేదీలు నిర్ణయించే నిపుణుడి దగ్గరకు వెళ్లక తప్పదు. వియ్యంకులలో చైనీస్ చదవగలవారు ఉంటేనే దీన్ని కొనమంటాను. లేకపోతే ఆ డబ్బును నిపుణుడి రుసుముకే ఉంచుకోవచ్చు.