పాత జపాన్ కెమెరా: ఈబేలోనా, యాహూ జపాన్ వేలంలోనా?

1970ల నాటి నికాన్ కెమెరాను హైదరాబాద్‌లో కూర్చుని కొనాలంటే ఈబే దారి సులువు. జపాన్ దుకాణాలవాళ్లే అక్కడ ఇంగ్లిష్‌లో వివరాలు రాసి అమ్ముతుంటారు. చెప్పినట్టు లేని వస్తువు వస్తే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆ భరోసా ఖరీదు ధరలోనే కలిసి ఉంటుందనుకోండి.

యాహూ జపాన్ వేలంలో అదే సరుకు తరచూ చవక. కానీ ఇక్కణ్ణుంచి కొనేవాళ్లు బైయీ, జెన్‌మార్కెట్ లాంటి మధ్యవర్తి ద్వారా పాడుకోవాలి. వాళ్ల రుసుము, జపాన్ లోపలి రవాణా, ఆపై ఇండియాకు పార్సిల్... అన్నీ కలిపితే చవక బేరం కాస్తా ఎక్కడికో పోతుంది. ‘జంక్’ (పనిచేస్తుందన్న హామీ లేని సరుకు) అని రాసుంటే వాపసు మాటే ఎత్తకూడదు. అలాగని అవన్నీ పాడైనవే కావు. పరీక్షించే ఓపిక లేనివాళ్లూ అలాగే రాసేస్తారు. అసలు మజా అక్కడే, బాగుచేసే మనిషి తెలిసుంటే!

ఈబేలో పెట్టిన సమయానికి పాట ముగుస్తుంది. చివరి క్షణంలో ఎగరేసుకుపోయేవాళ్లు ఎక్కువ. యాహూలో అమ్మేవారు గడువు పొడిగించే సదుపాయం పెట్టుకుంటే, ఆఖరి 5 నిమిషాల్లో ఎవరైనా పాట పెంచినప్పుడు గడువూ పెరుగుతుంది.

ఒక్క కెమెరాకైతే నా ఓటు ఈబేకే. నాలుగైదు లెన్సులు ఒకే పెట్టెలో తెప్పించేవాళ్లకు యాహూ. కస్టమ్స్ సుంకం రెండింటికీ తప్పదు, అదీ రవాణా ఖర్చు కలిపిన విలువ మీద.